మా ఆయన గురించి కాదు

ఈమధ్య చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక పుస్తకావిష్కరణకు వెళ్ళాను. కవయిత్రి నాకు బాగా తెలిసిన మనిషే. పిల్లలిద్దరూ ఇంజనీరింగ్‌లో చేరాక గానీ మొదటి సంపుటి వెయ్యడం కుదరలేదు ఆమెకు. వేదిక మీద వరసగా మగవాళ్ళు, చివరి కుర్చీలో ఆమె. శాలువాలు అయ్యాయి, ముందుమాట రాసిన పెద్దాయన తన తొలి కవిత ఎక్కడ అచ్చయిందో వివరంగా చెప్పి కూర్చున్నాడు, ఆ తర్వాత ఆమె భర్తను మైకు దగ్గరికి పిలిచారు. ఆయన గొంతు సవరించుకుని "నేను మా ఆవిడకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చానండి, ఇంట్లో పని అయిపోయాక ఎంతసేపు రాసుకున్నా ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆమె కూడా కొట్టింది.

ఆయన్ని వెక్కిరించడానికి ఇది రాయట్లేదు, నిజంగానే మంచివాడు. మన దగ్గర కవిత్వం పుస్తకం అంటే ఎవరి ఖర్చు వాళ్ళదే కదా, ఆ డబ్బు ఆయనే పెట్టాడు. ఆమెను ప్రతి సభకూ బండి మీద దింపి, అయిపోయేదాకా బయట చాయ్ తాగుతూ నిలబడతాడు. ఆరోజు సమోసాల దగ్గర నాతో మాట కలిపి "ఫేస్‌బుక్‌లో పెట్టేముందు ప్రతిదీ నేను ఒకసారి చూస్తానండి, అచ్చుతప్పులుంటాయి కదా" అన్నాడు. ఆమె తెలుగు పండితురాలు. ఆమెకు అచ్చుతప్పులు రావు.

ఆయన చూసేది ఏమిటో తెలియాలంటే ఒక కవిత సంగతి చెప్పాలి. ఆమెను అడిగే చెప్తున్నాను. తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయే మగవాడి మీద రాసిందది. ఆ నీళ్ళలో తేలే కరివేపాకు, కంచం అంచుకు అంటుకున్న నాలుగు మెతుకులు, వాటిని ఒక చేత్తో తీస్తూ ఇంకో చేత్తో తనకు వడ్డించుకునే మనిషి. అంతే, చిన్న కవిత, చదివితే ఒళ్ళు జలదరించింది నాకు. ఆయన చదివి నొచ్చుకున్నాడట. అరవలేదు, కాగితం చింపలేదు. "నేను కంచంలో చెయ్యి కడగడం మానేసి పదేళ్ళయింది కదా, మళ్ళీ ఇప్పుడెందుకు?" అన్నాడట. మీ గురించి కాదండీ అంది. "మరెవరి గురించి, మీ నాన్న గురించా?" అన్నాడట. అవునన్నా తంటాయే, కాదన్నా తంటాయే. చివరికి ఆ కంచం పోయింది, కరివేపాకు పోయింది, పుస్తకంలో ఆ చోట "ఈ సమాజం నా ఆకలిని ఎంగిలి చేసింది" అని ఉంది. గానసభలో ఒక వక్త సరిగ్గా ఆ లైనే చదివి అద్భుతం అన్నాడు.

పెళ్ళైన ఆడది కవిత రాస్తే మనవాళ్ళు మొదట అడిగేది "ఎవరి మీద రాసినవ్?" అని. మొగుడు అడుగుతాడు, ఆడపడుచు అడుగుతుంది, ఫ్యామిలీ గ్రూపులో ఎవరో స్క్రీన్‌షాట్ పెడతారు, ఊళ్ళో ఉన్న పెద్దనాన్న ఫోన్ చేసి "అంతా మంచిదేనా బిడ్డా?" అని ఆరా తీస్తాడు. నేను ఒకసారి వాన పడుతుంటే తలుపు తియ్యని ఇంటి గురించి రాస్తే మా అత్తయ్య రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు పప్పు తాలింపు వేస్తూ "మావాడు నీకేం తక్కువ జేసిండని గట్ల రాస్తున్నవ్?" అంది. ఆ ఇల్లు నేను ఎక్కడా చూడలేదు. ఊహించాను. ఊహించాను అని చెప్తే నమ్మకపోగా ఇంకా పెద్ద అనుమానం, అసలు అలాంటి ఊహ ఎందుకొచ్చింది అని.

నోట్‌బుక్ తగలబెట్టే మొగుళ్ళు లేరని కాదు, కొట్టేవాళ్ళు లేరని అంతకన్నా కాదు, వాళ్ళ దగ్గరికి వస్తాను. కానీ సాహిత్యంలో స్త్రీల అణచివేత అనగానే మనకు గుర్తొచ్చేది ఆ మంటలే. మంట కనిపిస్తే అది మంట అని తెలుస్తుంది, నలుగురు పరిగెత్తుకొస్తారు. నేను మాట్లాడుతున్నది ఏ మంటా లేని ఇళ్ళ గురించి. మంచి మొగుడు, సొంత ఫ్లాటు, ఆమెకూ ఉద్యోగం, అందరూ ఆమె రాతను మెచ్చుకునేవాళ్ళే. అలాంటి ఇంట్లో కూర్చుని ఆమె తన కవితలోంచి ఒక్కొక్క వస్తువునే తీసి బయట పారేస్తుంది. ఎవరూ అడగకముందే.

దీనివల్ల కవిత్వానికి జరిగే నష్టం చిన్నది కాదు. మంచం మీద పడేసిన తడి తువ్వాలు, బియ్యం డబ్బాలో దాచిన ఐదొందల నోటు, అర్ధరాత్రి వెలిగే అతని ఫోన్ వెలుతురు, పుట్టింటికి ఫోన్ చేసేటప్పుడు వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ పెట్టడం, ఇలాంటివే కదా కవితను నిలబెట్టేవి. ఇవన్నీ గుర్తుపట్టేస్తారు. వెన్నెలను ఎవరూ గుర్తుపట్టరు, పంజరం ఎవరింట్లోనూ ఉండదు, నది మీద ఏ ఆడపడుచూ అలగదు. అందుకే మన ఆడవాళ్ళ సంపుటాలు తెరిస్తే నదులూ రెక్కలూ పంజరాలూ పొర్లుతుంటాయి. విమర్శకులు దానికి మూసకవిత్వం అని పేరు పెట్టి, వీళ్ళకు అభివ్యక్తి చాలదని తేల్చేస్తారు. అభివ్యక్తి చాలక కాదు సార్, సాయంత్రం ఆ ఇంటికే వెళ్ళాలి.

మగకవికి ఈ బాధ లేదు. భావకవులందరికీ ఊహాప్రేయసి ఉండేది, ఉండటం ఒక మర్యాద కూడా, పెళ్ళయి పిల్లలున్న కవి ఆకాశంలోంచి దిగివచ్చే సుందరి కోసం పుటలకు పుటలు కన్నీళ్ళు కార్చినా ఇంట్లో అన్నం ఆగలేదు. అంతకుముందు క్షేత్రయ్య ఉన్నాడు. ఆయన పదాల్లో మాట్లాడేది నాయిక, ఆ నాయిక అలుగుతుంది, దెప్పిపొడుస్తుంది, రాత్రి జరిగింది పూసగుచ్చినట్టు చెలికత్తెకు చెప్తుంది. ఒక మగవాడు ఆడగొంతుతో అంత చనువుగా మాట్లాడితే మనం దాన్ని నాట్యంలో సాత్త్వికాభినయం పట్టి నేర్చుకుంటాం. ఇది నీకు స్వానుభవమా అని ఆయన్ని అడిగినవాడు లేడు. ఊహాప్రియుడున్న కవయిత్రి మాత్రం నాకు ఎంత వెతికినా తగల్లేదు. ఆండాళ్‌కు రంగనాథుడు, తరిగొండ వెంగమాంబకు వెంకటేశ్వరుడు. ప్రేమించాలంటే దేవుణ్ణి ప్రేమించాలి, అదీ ఊళ్ళో నాలుగు మాటలు పడ్డాకే.

ఇంకొకటి గమనించండి. పాత తెలుగులో పేరు నిలిచిన కవయిత్రుల్లో కాపురం చేస్తూ రాసినవాళ్ళు ఎందరు? మొల్లకు పెళ్ళి కాలేదనే చెప్పుకుంటాం. వెంగమాంబ చిన్నప్పుడే వితంతువు, జుట్టు తియ్యనివ్వనని ఎదురు తిరిగిన మనిషి. తంజావూరు ఆస్థానాల్లో రంగాజమ్మ, ముద్దుపళని, వీళ్ళది గృహిణుల లోకం కాదు. అన్నమయ్య భార్య తిమ్మక్క ఒక్కతే కనిపిస్తుంది, ఆమె రాసింది సుభద్రా కల్యాణం, పెళ్ళికథ. మన హైదరాబాదులోనే చూడండి, మౌలాలి గుట్ట కింద తల్లి కోసం కట్టించిన తోటలో నిద్రపోతున్న మహ్‌లఖా బాయి చందా (1768–1824) ఉర్దూలో దీవాన్, అంటే కవితల సంపుటి, రాసుకుంది, నిజాం దర్బారులో గౌరవం పొందింది, పెళ్ళి చేసుకోలేదు. ఈ ఆడవాళ్ళ జీవితాలు సుఖంగా గడిచాయని నేననను, దేవదాసీల లోకంలో వేరే నరకాలున్నాయి. కాకపోతే రాసింది తెచ్చి ముందు నాకు చూపించు అనే మనిషి వాళ్ళ ఇంట్లో లేడు.

ఇంట్లో లేకపోతే ఊళ్ళో తయారవుతాడు. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో రాధికా సాంత్వనం అనే శృంగార కావ్యం రాసింది. కందుకూరి వీరేశలింగం అంతటివాడు, వితంతు వివాహాలు చేయించిన మనిషి, అందులో చాలా భాగం స్త్రీలు వినదగింది కాదు, స్త్రీ నోట రాదగింది అంతకన్నా కాదు అని తీర్పు చెప్పాడు. సంగీత విద్వాంసురాలు బెంగళూరు నాగరత్నమ్మకు ఒళ్ళు మండింది. 1910లో వావిళ్ళ వారి ద్వారా ఆ కావ్యాన్ని మళ్ళీ అచ్చు వేయిస్తూ, సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు అక్కర్లేదా అని పీఠికలో అడిగింది. వీరేశలింగం పంతులుగారి పుస్తకంలోనే ఇలాంటివి ఉన్నాయి కదా అని కూడా ఎత్తి చూపింది. ఆ మరుసటి ఏడాదే తెల్లదొరల ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో టంగుటూరి ప్రకాశం చొరవతో గానీ ఆ నిషేధం పోలేదు. శృంగార కావ్యాలు రాసిన మగకవులు వందల్లో ఉన్న భాషలో గొడవ శృంగారం గురించి కాదని వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఇదే నేల మీద ఆడవాళ్ళు నోరారా అత్తింటిని తిట్టిన చోటు ఒకటుంది, దాని గురించి మన సాహిత్య సభల్లో ఎవరూ మాట్లాడరు. బతుకమ్మ. పుట్టింటి నుంచి అన్న వచ్చి పిలిస్తే ఆ కలవారి కోడలు అత్తను అడుగుతుంది, అత్త మామను అడగమంటుంది, మామ ఇంకొకర్ని అడగమంటాడు, అలా ఇల్లంతా తిరిగి తిరిగి చివరికి మొగుడి దగ్గరికి చేరుతుంది అనుమతి. ట్యాంక్‌బండ్ మీద వేలమంది దాన్ని ఉయ్యాలో అంటూ పాడతారు, అత్తలూ కోడళ్ళూ పక్కపక్కనే చప్పట్లు కొడుతూ. మా అత్తయ్యకు ఆ పాట మొత్తం నోటికొచ్చు, గొంతు కూడా బాగుంటుంది. మీ అత్తగారి మీదనేనా పాడుతున్నవ్ అని ఆమెను ఎవరూ అడగలేదు. పాట మీద పేరు లేదు, అందుకని. అదే కథ కింద నేను సంతకం పెట్టి, చివర ఉయ్యాలో తీసేసి ఫేస్‌బుక్‌లో పెడితే రాత్రికి ఇంట్లో పంచాయితీ. దినమంతా ఆలోచించినా దీనికి నాకు వేరే అర్థం దొరకలేదు. గుంపులో ఏడవచ్చు, ఒక్కదానివి ఏడవకూడదు.

సంతకం పెట్టి రాసే కాలం ఎనభైల్లో వచ్చింది. దానికి ముందు కోర్టులో ఒక ముచ్చట జరిగింది. 1983లో ఇక్కడే, మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టులో, సినీనటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఒక తీర్పు ఇచ్చారు. కాపురానికి రానన్న మనిషిని కోర్టు ఆర్డరుతో రప్పించుకునే హక్కు హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌లో ఉంది, అది రాజ్యాంగానికి విరుద్ధమని, ఒక స్త్రీ ఒంటి మీద నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి తీసి రాజ్యం చేతిలో పెట్టడమేనని కొట్టేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ వాదన ఒప్పుకోలేదు, సెక్షన్ ఈరోజుకీ బతికే ఉంది. సుప్రీంకోర్టు ఆ మాట అన్న 1984లోనే స్త్రీవాద కవయిత్రి సావిత్రి "బందిపోట్లు" కవిత వచ్చింది. పెళ్ళి మీద తెలుగులో అంత చిన్న కవిత, అంత పెద్ద గొడవ ఇంకొకటి లేదు.

ఆ కవితను ఈమధ్య మళ్ళీ మళ్ళీ చదివాను. విచిత్రం ఏమిటంటే అందులో మొగుడు లేడు. పాఠం అప్పచెప్పకపోతే పెళ్ళి చేస్తానని బెదిరించే పంతులుగారున్నారు, ఆఫీసులో సెలవివ్వని పైవాణ్ణి మొగుడు అని తిట్టుకునే అన్నయ్య ఉన్నాడు, వాడికేం మగమహారాజు అనే జనం ఉన్నారు. వాళ్ళ మాటలు విని ఒక పిల్ల పెళ్ళంటే ఏమిటో లెక్క కట్టుకుంటుంది. అంటే పెళ్ళికి ముందే, చెవిన పడ్డ మాటలతోనే కవిత అయిపోయింది. ఎవరి మీద రాశావు అని అడగడానికి సందే లేదు. ఎంత తెలివైన కవి అనిపించింది నాకు. 1991లోనే పోయింది, బతికుంటే అడిగేదాన్ని, కావాలనే అలా కట్టారా అని.

తర్వాత విమల వంటిల్లు, కొండేపూడి నిర్మల లేబర్ రూం, జయప్రభ చూపులు, పాటిబండ్ల రజని అబార్షన్ గురించి రాసింది, ఇవన్నీ మా తరానికి పాఠాల్లాగా వచ్చాయి. వాళ్ళను నీలికవులని వెక్కిరించారు, ఒళ్ళు బలిసిందన్నారు, 1993లో వోల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం "నీలిమేఘాలు" వచ్చేనాటికి ఆ తిట్లన్నీ తిని అరిగించుకున్నారు వాళ్ళు. ఇది జరుగుతోంది, మా ఒళ్ళ మీద జరుగుతోంది, నమ్మండి అని చెప్పడం అప్పుడు అవసరం. నమ్మించారు కూడా. కానీ ఇలా అంటే మా పెద్దక్కలకు కోపం రావచ్చు, ఆ నమ్మకం తర్వాత తరం మెడకు చుట్టుకుంది. ఆడది రాసిందంటే అది వాంగ్మూలమే అని పాఠకుడికి అలవాటు పడిపోయింది. మొగుడు అదే అనుకుంటాడు, అభ్యుదయ విమర్శకుడూ అదే అనుకుంటాడు. ఒకరు కోప్పడతారు, ఇంకొకరు శాలువా కప్పుతారు, ఇద్దరిలో ఎవరికీ నేను కల్పించగలను అనిపించదు.

శాలువా కప్పేవాళ్ళ సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే మొగుళ్ళను తిట్టడం తేలిక. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక కవితా పఠనం అయ్యాక, ఎప్పుడూ ఎర్రకండువా వేసుకునే ఒక పెద్దమనిషి నా దగ్గరకొచ్చి "అమ్మా, నీ బాధ చదివితే కన్నీళ్ళొచ్చినయ్" అన్నాడు. ఆ కవితలో నేను మూడో పాదం దగ్గర గొంతు మార్చాను, చివర్లో మాట్లాడేది కూతురు, తల్లి కాదు, దాన్ని కుదర్చడానికి నా నిద్ర పోయింది. ఒక్క ముక్క దాని గురించి అంటాడేమో అని చూశాను. లేదు. నా బాధ మాత్రమే కనిపించింది ఆయనకు. పక్కన చదివిన కుర్రకవికి మాత్రం "శిల్పం బాగుంది తమ్ముడూ" అన్నాడు.

ఇన్‌బాక్సు సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఒంటరితనం అనే మాట కవితలో వస్తే చాలు, గుడ్‌మార్నింగ్ గులాబీలు మొదలు. "మీరు చాలా డిస్టర్బ్‌డ్‌గా ఉన్నట్టున్నారు మేడమ్, మనసు విప్పి మాట్లాడుకోవచ్చు." వీళ్ళలో కవులూ ఉన్నారు, ఆచార్యులూ ఉన్నారు. రాత్రి పదకొండుకు ఆ మెసేజ్ టింగుమంటే పక్కన పడుకున్న మనిషి ఏమనుకోవాలి? ఆయన అనుమానానికి వీళ్ళు సాక్షి సంతకం పెడుతున్నారు. చాలామంది ఆడవాళ్ళు రాయడం ఆపేసింది మొగుడి వల్ల కాదు, ఈ గులాబీలకు మొగుడికి సమాధానం చెప్పుకోలేక.

నా స్నేహితురాలొకామె మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ మెట్రోలో ఫోన్‌లో కవితలు రాసి, దిగేలోపు తనకే మెయిల్ పెట్టుకుని నోట్స్‌లోంచి తుడిచేసేది. ఇంట్లో ఫోన్ చెక్ చేస్తారు. కాపురం చెడి విడాకుల దాకా వచ్చాక ఆమెకున్న పెద్ద టెన్షన్ భరణం గురించి కాదు, పాత కవితల గురించి. అందులో ఒకటి, మెట్రోలో రోజూ ఎదురుగా కూర్చునే ఒక మనిషి చేతుల మీద రాసింది. ఆ మనిషితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు ఎప్పుడూ. "దాన్ని కోర్టులో పెడితే?" అని లాయరును అడిగింది. ఆ లాయరమ్మ నవ్వి, తర్వాత నవ్వు ఆపి చెప్పిందట, పెట్టొచ్చు అని. ఫ్యామిలీ కోర్టుల చట్టం, అదీ 1984దే, 14వ సెక్షన్ ప్రకారం, మామూలు సాక్ష్య చట్టం ఒప్పుకోని కాగితమైనా సరే, వివాదం తేల్చడానికి పనికొస్తుందని కోర్టుకు అనిపిస్తే తీసుకోవచ్చు. జడ్జి దానికి విలువిస్తారా లేదా అన్నది వేరే సంగతి. కానీ పురానీ హవేలీ కోర్టు వరండాలో, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, తన ఉపమానాలకు తను జవాబు చెప్పాల్సి వస్తుందేమో అని కూర్చున్న మనిషిని ఊహించండి. అవతలి పక్షం ఆ కవిత పెట్టలేదు చివరికి. వాళ్ళు అసలు ఆమె కవితలే చదవలేదని తేలింది. దానికి కూడా ఏడ్చింది పిచ్చిది.

కొట్టేవాళ్ళ దగ్గరికి వస్తానన్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21ది, తెలంగాణలో భర్త కొట్టడం ఏదో ఒక కారణానికి సబబే అని ఒప్పుకున్న ఆడవాళ్ళు దాదాపు 84 శాతం. సర్వేవాళ్ళు చదివి వినిపించే ఆ కారణాల్లో చెప్పకుండా బయటికి వెళ్ళడం ఉంది, వంట సరిగా చెయ్యకపోవడం ఉంది, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం ఉంది, శీలం మీద అనుమానం ఉంది. ఒక్క కవితతో ఇవన్నీ చెయ్యొచ్చు అని మా మెట్రో స్నేహితురాలు జోకు వేస్తుంది. సభకు చెప్పకుండా వెళ్తే ఒకటి, రాస్తూ పప్పు మాడబెడితే రెండు, అత్త మీద రాస్తే మూడు, ప్రేమ మీద రాస్తే నాలుగు. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో మనసు విరిచెయ్యడాన్నీ, డబ్బు చేతికి అందకుండా చెయ్యడాన్నీ కూడా హింస కిందే లెక్క కట్టింది, మంచిదే, ఎందరికో పనికొచ్చింది. కానీ "ఎవరి మీద రాసినవ్" అన్నది ఏ చట్టం కిందికి వస్తుంది? దెబ్బ కాదు, తిట్టు కాదు. నవ్వుతూ కూడా అడగొచ్చు.

టైము సంగతి అందరూ రాసేదే, ఒక్క ముక్కలో దాటేస్తాను. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడితే, ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దేశం మొత్తం మీద లెక్క. మిగిలిన టైములో రాసుకోవడానికి మనకు పూర్తి స్వేచ్ఛ ఉంది కదా మరి.

నన్ను చాలామంది అడుగుతారు, నీ పరిస్థితి ఏమిటి, మీ ఆయన ఏమంటాడు అని. చూశారా, మళ్ళీ అదే. నేను ఇంత చెప్పాక కూడా నా పెళ్ళి ఎలా ఉందో తెలిస్తే గానీ ఈ వ్యాసం నిజమో అబద్ధమో మీకు తేలట్లేదు. చెప్పను. మా ఆయన మంచివాడని చెప్తే, మరి నీకేం తెలుసు అంటారు. చెడ్డవాడని చెప్తే, అందుకే రాసింది అంటారు.

రాయడం మొదలుపెట్టిన అమ్మాయిలకు నేను చెప్పేది ఒకటే, అది కూడా సలహా అని కాదు, నేను చేస్తున్నదే. ఇంట్లోవాళ్ళకు కవిత చూపించకండి, అచ్చయ్యాక అందరితోపాటు చదువుకుంటారు. ఆ కంచాన్ని తియ్యకండి. తీసి సమాజం అని పెట్టకండి. ఎవరైనా ఇది నీకు జరిగిందా అని అడిగితే నేను ఈమధ్య ఎదురు ప్రశ్న వేస్తున్నాను, మూడో పాదంలో గొంతు మారింది గమనించారా అని. సగం మంది అక్కడే వెళ్ళిపోతారు. మిగిలిన సగంలో ఒకరిద్దరు నిజంగా పుస్తకం తెరిచి చూస్తారు, వాళ్ళు చాలు నాకు.

ప్రస్తుతం ఒక కవిత మీద కూర్చున్నాను. ఒకావిడ పొద్దున్నే మొగుడి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి బయల్దేరి, ఇవ్వకుండా, నాంపల్లి స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని ఆ డబ్బా తనే విప్పి తింటుంది. మెంతికూర పప్పు, రెండు జొన్నరొట్టెలు. మా ఇంట్లో మెంతికూర ఎవరూ ముట్టరు, మా ఆయన ఆఫీసు క్యాంటీన్‌లో తింటాడు, ఇంతకు మించి సాక్ష్యాధారాలు ఇవ్వలేను. తిన్నాక ఆమె రైలెక్కాలా, డబ్బా కడుక్కుని ఇంటికి తిరిగిపోవాలా అన్నది ఇంకా తేలలేదు. తిరిగిపోతేనే కవిత బాగుంటుందని గట్టిగా అనిపిస్తోంది. కాకపోతే అలా ముగిస్తే మా అత్తయ్య చదివి సంతోషపడుతుందేమో అని ఒక అనుమానం.